జమ్మి మీద యాంటెన్నా

బుధవారం ఉదయం ఖోర్ ఫక్కాన్ రేవులో లాంచీ దించిన ఐసు పెట్టెలు పన్నెండు. పదకొండింటిలో చేపలున్నాయి. పన్నెండోదాంట్లో అభిలాష్ ఉన్నాడు.

తెల్లబట్టలో చుట్టి, చేతులు గుండెల మీద పెట్టి, నుదుట విభూతి దిద్ది, చుట్టూ ఐసు పొడి నింపి పంపారు. నుఖ్తా దీవిలో పనిచేసే కార్మికులెవరో శ్రద్ధగా చేసిన పని అది. జెట్టీ పక్కన నీళ్ళలో తేలాడట. మునిగి చచ్చాడనుకున్నారు వాళ్ళు. చెవి వెనక సూదిమొనంత రంధ్రం ఉందన్నాడు డాక్టరు.

అభిలాష్ పైకి చేపల వ్యాపారి. లోపల భారత గూఢచారి శాఖ మనిషి. ముప్ఫై మూడేళ్ళవాడు. చేపలు కొనడానికి వెళ్ళిన దీవిలో అతనికే ఎవరో గాలం వేశారు.

పదిన్నరకి ఏజెంట్ కె-9 ఊళ్ళో ఒక టైపింగ్ సెంటర్ మెట్లెక్కాడు. అసలు పేరు వీరరాఘవరావు. కాకినాడ. నలభై తొమ్మిదేళ్ళు, బొజ్జ, బీపీ. కె-9 అంటే ఇంగ్లీషులో పోలీసు కుక్క అని ఆలస్యంగా తెలిసింది. నంబరు మార్చమని మూడు అర్జీలు పెట్టుకున్నాడు. మూడింటికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది. అయినా విశ్వాసంగా పనిచేస్తూనే ఉన్నాడు.

సెంటర్ బోర్డు మీద 'వీసా, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు టైపు చేయబడును' అని ఉంది. జిరాక్స్ మిషను వెనక గదిలో జరిగేది వేరే టైపు పని.

"పాత పాస్‌పోర్టుకి కొత్త ఫొటో అతికిస్తారా?" అన్నాడు రావు కౌంటర్ దగ్గర.

"మొహం పాతదైతే కుదరదు," అంది ఉమాదేవి తలెత్తకుండా.

కోడ్ సరిపోయింది. మొహం సంగతి కోడ్‌లో ఉందో, ఆవిడ సొంతంగా చేర్చిందో రావుకి తెలీదు. శాఖకి ఇక్కడి చీఫ్ ఆవిడే. అడిగే ధైర్యం లేదు.

లోపలి గదిలో ఉమాదేవి ఒక కాగితం ముందుకి తోసింది. అభిలాష్ ఆఖరి మెసేజ్. *చమురు ఓడ. రాళ్ళ మీదికి. దుమ్ము లేచిన రోజున. దీవి నుంచే.*

"ఎవరు మేడమ్?"

"ఆల్బట్రాస్. విదేశీ ముఠా. డబ్బిచ్చిన దేశానికి చెవులు అద్దెకిస్తారు."

"ఓడని రాళ్ళకి కొడితే వాళ్ళకేంటి?"

"దీవి ఖాళీ అవుతుంది రావు గారూ. అక్కడ బావి లేదు, వాన లేదు. సముద్రపు నీళ్ళనే ప్లాంట్‌లో శుభ్రం చేసుకుని తాగుతారు. ఓడ పగిలితే చమురు నేరుగా ఆ ప్లాంట్ పైపులోకి వెళ్తుంది. రెండు రోజుల్లో యాభై ఎనిమిది మందీ మూట సర్దుకుంటారు. ఆర్నెల్లాగి ఏదో రిసార్ట్ కంపెనీ పేరుతో వీళ్ళు దిగుతారు. ఆ దారిన పోయే ప్రతి ఓడ మాటా వింటూ కూర్చుంటారు."

"ఓడల్ని ఆపేస్తే?"

"రోజుకి ముప్ఫై. ఎన్నాళ్ళు ఆపుతాం? ఇక్కడి ప్రభుత్వానికి మన సంగతి తెలుసు. కోస్ట్ గార్డు సిద్ధంగా ఉంది. మీరు 'ఉప్పెక్కువైంది' అని ఒక్క మాటంటే చాలు, ఓడలన్నీ ఎక్కడివక్కడ నిలబడతాయి. దీంట్లో అనాలి."

బల్ల మీద మిక్సీ పెట్టింది. మామూలు మిక్సీయే. మూడో స్పీడులో రెండుసార్లు తిప్పితే రేడియో.

"అంటే నేను..."

"వంటవాడు. దీవి మెస్‌లో కుక్ నిర్మల్ వెళ్ళాడు, సెలవు మీద. మీ కాంటాక్ట్ సంజన. తాబేళ్ళ మీద పరిశోధన అని రెండు నెలలుగా అక్కడే ఉంది. మీరు తయారుచేసిన పిల్లే కదా?"

రావు మొహం వెలిగింది. ఆరేళ్ళ కింద దుబాయ్‌లో తనే ఎంచుకుని, తనే తర్ఫీదిచ్చిన అమ్మాయి. శాఖ మొత్తంలో రావు గర్వంగా చెప్పుకునే ఒకే ఒక్క సంగతి.

చుట్టూ ఉప్పునీళ్ళు, మధ్యలో ఉప్పందించే మనిషి. మధ్యాహ్నం లాంచీలో మిక్సీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు కె-9. అదే లాంచీ పొద్దున అభిలాష్‌ని తెచ్చింది. చెక్కల మీద ఐసు తడి ఇంకా ఆరలేదు.

*

నుఖ్తా అంటే అరబ్బీలో చుక్క. మ్యాపులో చుక్కంత ఉంటుంది, బతకబోతే చుక్కలు చూపిస్తుంది. ఖోర్ ఫక్కాన్ నుంచి ఐదు గంటల ప్రయాణం. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివరవాడు చిరంజీవ అనేంత దీవి.

లాంచీ వారానికోసారి, బుధవారం. ఒక ఐసు ఫ్యాక్టరీ, ఒక నీళ్ళ ప్లాంట్, ఒక లైట్‌హౌస్, అజ్మల్ అనేవాడి బఖాలా అనే కిరాణా కొట్టు, ముప్ఫై ఒక్క మేకలు. దారిన పోయే చేపల పడవలు ఆగి ఐసూ నీళ్ళూ ఎక్కించుకుంటాయి, బదులు చేపలు దించిపోతాయి. జీతాలు బ్యాంకులో పడి అట్నుంచటే ఊళ్ళకి పోతాయి కాబట్టి దీవిలో నోటు కనపడదు. అక్కడ చెల్లేది ఐసు. క్షవరానికి అరబకెట్టు. చొక్కాకి గుండీలు కుట్టిస్తే గిన్నెడు. అజ్మల్ దగ్గర సబ్బుకి బకెట్టున్నర. అది కరెన్సీ కాదు, కరిగెన్సీ. దాచుకుంటే సాయంత్రానికి నీరైపోతుంది. అందుకే నుఖ్తాలో పిసినారి అనేవాడు పుట్టలేదు. ఎండాకాలంలో మాత్రం అందరూ బీదవాళ్ళే.

ఐసు కావాలన్నా ముందు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు హన్మాండ్లు చేతిలో ఉన్నాయి. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. యాభై రెండేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే ప్లాంట్, అదే పైపు. పొద్దున్నే మొదటి గ్లాసు తను తాగి, ఉప్పు లేదంటేనే మిగతావాళ్ళకి. మనిషికి రోజుకి రెండు క్యాన్లు.

రావు మొదటి భోజనానికి అతనే మొదటి కస్టమర్.

"ఏందన్నా ఇది?"

"చారు."

"చారా? నేను పప్పు గిన్నె కడిగినవనుకున్న."

గూఢచారి చారు అలాగే ఉంటుందని చెప్పుకోలేక రావు నవ్వేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మొన్న ఎవరో చేపలాయన పోయాడటగా?"

హన్మాండ్లు ముద్ద ఆపాడు. "మంచి పోరడు. నేనే కడిగిన. ఉప్పునీళ్ళల్ల సచ్చిండు, మళ్ళ ఉప్పునీళ్ళతోని ఎట్ల కడుగుత? నా రెండు క్యాన్లు వోసిన."

"మరి ఆ రోజు మీరేం తాగారు?"

"ఒక్కనాటికి ఏమైతది. రత్నాకర్ సగమిచ్చిండు."

పక్కన కూర్చున్న రత్నాకర్ ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ. మాట తక్కువ. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

మర్నాడు సాయంత్రం సంజన కనిపించింది. దక్షిణం ఒడ్డున ఇసుక మీద, తెల్ల స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, దీవి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క లిప్‌స్టిక్. తెల్ల స్కార్ఫు అంటే అంతా క్షేమం అని సంజన సంజ్ఞ. ఆవిడ వెనక ఆకుపచ్చ ఇనుప కంచె. లోపల తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు, ఒక ఘాఫ్ చెట్టు. 'పరిశోధన స్థలం, ప్రవేశం లేదు' అని బోర్డు.

"సార్! బరువు పెరిగారు."

"బాధ్యతలమ్మా," అన్నాడు రావు బొజ్జ నిమురుకుంటూ. "అభిలాష్ సంగతేంటి?"

"నాకూ అర్థం కావట్లేదు సార్. జారి పడుంటాడు. పాపం, ఈత కూడా రాదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "లైట్‌హౌస్ మీద కన్నేసి ఉంచండి. బఖాలా అజ్మల్ రోజూ అక్కడికెందుకు వెళ్తాడో చూడండి."

అభిలాష్ కాలేజీ రోజుల్లో ఈతలో మెడల్ కొట్టాడు. ఆ మెడల్ మెళ్ళో వేసుకుని ఆఫీసుకి వచ్చి అందరికీ చూపించినవాడు. ఆ పిల్లకి తెలిసుండదులే అనుకున్నాడు రావు. మెస్‌కి వెళ్ళేదాకా అదే మాట నాలుగుసార్లు అనుకున్నాడు. నాలుగోసారి కూడా సరిగ్గా దిగలేదు.

శుక్రవారమంతా అజ్మల్ వెనక తిరిగాడు. లైట్‌హౌస్ దగ్గర ఫోనుకి సిగ్నల్ బాగుంటుందట. అజ్మల్ అక్కడ నిలబడి పెళ్ళాంతో దెబ్బలాడుకుంటాడు, అంతే. రావుకి దొరికిన రహస్యం అదొక్కటే.

*

శనివారం దసరా. తెల్లారేసరికి దుమ్ము లేచింది.

ఎడారి మీంచి వచ్చిన పసుపుపచ్చని మసక. జెట్టీ చివర కట్టిన పడవ కనపడదు. అభిలాష్ రాసిన రోజు ఇదే. రావు గబగబా మెస్‌లోకి పరిగెత్తాడు. బల్ల మీద మిక్సీ లేదు.

బయట వరసగా మిషన్లు. పంపులు, రెంచీలు, ఐసు కోసే రంపం, ఫ్యాక్టరీ క్రషర్, చేపల తూకం, అజ్మల్ కొట్టు క్యాలిక్యులేటర్, లైట్‌హౌస్ వైర్‌లెస్ సెట్టు, పడవల నుంచి ఊడదీసి తెచ్చిన ఇంజన్లు. ప్రతిదానికీ పసుపు, కుంకుమ, ప్లాస్టిక్ బంతిపూల దండ. జనరేటర్ కూడా ఆపేశారు. దాంతో పాటు ఫోను టవరూ ఆగింది. వరస మధ్యలో, దండ వేసుకుని, నుదుట బొట్టుతో, శాఖవారి మిక్సీ.

"హన్మాండ్లన్నా! నా మిక్సీ!"

"నీదే అన్నా. నీ ఆయుధం గదనే గద? మంచిగ కడిగి వెట్టిన."

"చట్నీ చెయ్యాలి!"

"రేపు జేస్కుందం. అమ్మోరు నీళ్ళల్ల కలిసి, పొద్దు మూకి చీకటయ్యేదాక ఎవ్వలు ముట్టద్దు. పొద్దుగాల నుంచి నీళ్ళు గూడ నిన్నటియే తాగుతున్నం."

"ఒక్క నిమిషమే..."

రత్నాకర్ లేచొచ్చాడు. మూడు వేళ్ళ చెయ్యి రావు మొహం ముందు పెట్టాడు. "పోయిన సాలు నేను గిట్లనే అన్న. ఒక్క నిమిషమని. దసరా నాడు పొద్దు మూకక ముందే క్రషర్ ఆన్ చేసిన. సూడు."

రావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడింటికి హన్మాండ్లు భుజం ఆనించి ఆకుపచ్చ కంచె పడదోశాడు. దీవిలో ఉన్నది ఒకే ఒక్క ఘాఫ్ చెట్టు. ఇక్కడివాళ్ళకి ఘాఫ్. మెట్‌పల్లివాడికి జమ్మి. దసరా నాడు జమ్మి ఆకు లేకపోతే పండగే కాదు. బోర్డు ఏ భాషలో ఉన్నా, కంచె ఎంత ఎత్తున్నా, ఆ రోజు ఆ చెట్టు దగ్గరికి నలభై మంది వచ్చి తీరతారు. దుబాయ్ అపార్ట్‌మెంటులో పుట్టి, మాల్‌లో పెరిగి, ఘాఫ్‌ని పుస్తకంలో చదివిన మనిషికి మాత్రం ఆ సంగతి తెలీదు.

ఆకు కోసం చెట్టెక్కిన హన్మాండ్లు, ఆకులతో పాటు గుడ్డలో చుట్టిన మూట ఒకటి దించాడు. మూటలో బూడిద రంగు పెట్టె. నాలుగు వైపులా వెల్డింగు. మీట లేదు, మూత లేదు. పైన మూరెడు యాంటెన్నా.

అందరూ చేతులు జోడించారు.

"ఎనుకట ఆయుధాలు మూటగట్టి జమ్మి మీదనే దాసిండ్రట," అన్నాడు హన్మాండ్లు పెట్టె మీది దుమ్ము తుడుస్తూ. "గిన్నేండ్లల్ల మనకు దొరికింది సూడుండ్రి."

పెట్టెకి పసుపు రాశారు. బొట్టు పెట్టారు. తెచ్చి వరసలో, సరిగ్గా మిక్సీ పక్కన పెట్టారు. దేశద్రోహమూ దేశభక్తీ ఒకే దండ కింద కూర్చున్నాయి.

ఓడని దారి తప్పించేది ఇదేనని రావుకి అర్థమైంది. మిషను దొరికింది. మనిషి?

జమ్మి ఆకు చేతిలో పెట్టి, గుండెకి గుండె ఆనించి కావలించుకోవడం అక్కడి ఆనవాయితీ. అలాయ్ బలాయ్. రావు ఆ పూట ఎవర్నీ వదల్లేదు. నలభై ఒక్క కౌగిళ్ళు. ప్రతి కౌగిలీ ఒక తనిఖీ. జేబుల్లో తగిలినవి బీడీ కట్టలు, దువ్వెనలు, ఒకడి దగ్గర ఉల్లిపాయ. పెట్టెని ఆడించే రిమోట్ లేదు.

"ఏందన్నా, గంత గట్టిగ వడుతున్నవ్?" అన్నాడు రత్నాకర్.

అక్కడున్నవాళ్ళలో కావలించుకోనిది ఒక్క మనిషినే. దూరంగా, ఖాళీ జమ్మిచెట్టు కింద నిలబడి, పెట్టె వైపే చూస్తోంది. తెల్ల స్కార్ఫు. చెయ్యి జీన్స్ జేబులో ఉంది. ఆ జేబులో బొటనవేలు దేన్నో నొక్కినట్టు కదిలింది.

*

"హన్మాండ్లన్నా, ఒకసారి ఇలా రా," అన్నాడు రావు. గొంతు మారిపోయింది. "నీ ఫోనులో మ్యాపుందా? టవర్ లేకపోయినా పనిచేస్తుంది. మనమెక్కడున్నామో చూడు."

హన్మాండ్లు ఫోను తీశాడు. కళ్ళు చిట్లించాడు. కదిపాడు, దులిపాడు. "గిదేంది? నేను సముద్రంల ఉన్ననట! దీవి ఆడ్నే ఉన్నది, నేను మైలు దూరం వోయిన."

"ఆ పెట్టె అలా చెప్తోంది. నీ ఫోనుకే కాదు. ఇప్పుడు ఇటు వస్తున్న ఓడకి కూడా. ఈ మసకలో వాడికి కళ్ళు లేవు, మ్యాపొక్కటే దిక్కు. లోతు నీళ్ళలో ఉన్నాననుకుని నీ దక్షిణం రాళ్ళ మీదికి వస్తాడు. చమురు ఓడ."

అదే సమయంలో మసకలోంచి ఓడ కూత వినిపించింది. బరువుగా, పొడుగ్గా. రావాల్సిన దారి నుంచి రావడం లేదు.

హన్మాండ్లు చూపు ఓడ వైపు పోలేదు. ఒడ్డు వైపు పోయింది. అక్కడ నీళ్ళలోకి దిగే నల్ల పైపు ఉంది. పంతొమ్మిదేళ్ళుగా తను గీకి, తుడిచి, తిట్టి కాపాడుకుంటున్న పైపు.

"నూనె వస్తే..."

"నీ ప్లాంట్ ఖలాస్. దీవి ఖలాస్."

"నువ్వెవలు?" అన్నాడు హన్మాండ్లు మెల్లగా. "వంటోనివైతే కాదు. నీ చారు తాగిన నాడే సమజైంది."

"అభిలాష్ మనిషిని. నువ్వు కడిగిన వాడి మనిషిని. నన్నా మిక్సీ ముట్టుకోనీ, లేదా ఆ పెట్టె పగలగొట్టనీ."

"ముట్టద్దన్నా." హన్మాండ్లు మొహంలో రెండు భయాలు పోట్లాడుకుంటున్నాయి. "పూజల వెట్టింది పగలగొడితే ఇంకేమన్న ఉన్నదా? వాని వేళ్ళు సూసినవ్ గద. నీళ్ళు పోతయని చెప్తున్నవ్, నేను నమ్ముతున్న. కని నా చేతులతోని ఎట్ల..."

ఓడ కూసింది. ఈసారి దగ్గరగా.

రావు కళ్ళు వరస మీద పరిగెత్తాయి. పంపు, క్రషర్, మిక్సీ, పెట్టె. వాటి ముందు పీట మీద, పసుపు పిండితో చేసిన జానెడు అమ్మవారు.

"అన్నా. అమ్మవారిని ముట్టుకోవచ్చా?"

"నిమజ్జనానికి లేపాలె గద. ఐదింటికి."

"ఇప్పుడు లేపండి. అమ్మవారితో పాటు ఆ ఆయుధం కూడా నిమజ్జనం చేసేద్దాం. జమ్మి మీద దొరికింది, మనది కాదు. ఆవిడది ఆవిడకి ఇచ్చెయ్యాలి. ఉప్పునీళ్ళలో మునిగితే ఆ పెట్టె మాట బయటికి రాదు. ఏ రేడియో అలా మాట్లాడలేదు."

హన్మాండ్లు రెండు క్షణాలు ఆలోచించాడు. ఇందాకటినుంచి ముడుచుకున్న మొహం విప్పుకుంది.

"అమ్మోరితోని పొయ్యేది ముట్టచ్చు," అన్నాడు. ఆపైన దీవంతా వినపడేలా అరిచాడు. "రత్నాకర్! డప్పు! అమ్మోరు లేస్తుంది! యల్లా!"

డప్పు లేదు. రత్నాకర్ ఖాళీ నీళ్ళ క్యాను అందుకుని మూడు వేళ్ళతో దరువేశాడు. నలుగురు అమ్మవారి పీట ఎత్తారు. హన్మాండ్లు పెట్టెని బిడ్డలా గుండెలకి హత్తుకున్నాడు. నలభై మంది కేకలేస్తూ ఒడ్డుకి కదిలారు. మూడు వందల అడుగులు.

నూరు అడుగుల దగ్గర సంజన అడ్డొచ్చింది.

"ఆగండి! అది నా పరిశోధన సామాను! తాబేళ్ళ ట్రాకర్!"

దరువు ఆగింది. హన్మాండ్లు పెట్టెని చూశాడు, ఆవిడని చూశాడు, వెనక్కి తిరిగి చెట్టుని చూశాడు.

"తాబేలు చెట్టెక్కుతదా మేడం?"

ఎవడో పకాలుమని నవ్వాడు. రావు నవ్వలేదు. 'అది నాది' అనే మాట ఇంకెవరి నోటి నుంచైనా వస్తే బాగుండునని చివరి నిమిషం దాకా ఆశపడ్డ మనిషి అతనొక్కడే.

సంజన కూడా నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసింది. నిబ్బు ఉండాల్సిన చోట సూది మెరిసింది. ఒక్క అడుగులో హన్మాండ్లు పక్కకి చేరింది. చెయ్యి అతని చెవి వెనక్కి లేచింది.

కె-9కి నలభై తొమ్మిదేళ్ళు, బొజ్జ, బీపీ. అయినా చటుక్కున ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఆరేళ్ళ కింద ఆ పిల్లకి నేర్పింది తనే. దాన్ని ఎలా విడిపించుకుంటుందో కూడా తెలుసు. విడిపించుకోక ముందే మెలిపెట్టాడు. పెన్ను ఇసుకలో పడింది. రత్నాకర్ సేఫ్టీ బూటు దాని మీద పడింది.

"పరిగెత్తన్నా! పరిగెత్తు!" అని అరిచాడు రావు. హన్మాండ్లు పరిగెత్తాడు. అమ్మవారి పీట వెనక పరిగెత్తింది. వెనక నుంచి క్యాను దరువు మళ్ళీ మొదలైంది.

మసకలో ఒక నల్లటి గోడ లేచింది. ఓడ. దాని ముక్కు సూటిగా రాళ్ళ వైపే ఉంది. హన్మాండ్లు మోకాలి లోతు, నడుం లోతు, గొంతు లోతు నీళ్ళలోకి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని, తల్లీ అని, పెట్టెతో సహా మునిగాడు.

సంజనని ఒక చేత్తో ఒడ్డుదాకా లాక్కొచ్చిన రావు రెండో చేతిలో, ఇందాక హన్మాండ్లు దగ్గర తీసుకున్న ఫోనుంది. మ్యాపులో సముద్రం మీదున్న నీలం చుక్క కదల్లేదు. కదల్లేదు. ఒక్కసారి ఎగిరి దీవి మీద వాలింది.

ఓడ కూత మారింది. పొట్టిగా, ఐదుసార్లు. పైనెవరో కంగారుపడ్డారు. నల్లగోడ ముక్కు మెల్లగా, చాలా మెల్లగా, చూసేవాడి ప్రాణం నమిలేంత మెల్లగా ఎడమకి తిరిగింది. దాని అల వచ్చి రాళ్ళ మీద విరిగి, జనమందరి మీదా ఉప్పు చిమ్మింది. నురగ తెల్లగానే ఉంది.

అప్పుడు హన్మాండ్లు తల నీళ్ళ పైకి లేచింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

*

ఆ గోలలో సంజన చెయ్యి విదిలించుకుని ఉత్తరం ఒడ్డుకి పరిగెత్తింది. అక్కడ ఆవిడ రబ్బరు పడవ ఉంది. రావు ఆయాసపడుతూ వెళ్ళేసరికి ఆవిడ పడవలో ఊరికే కూర్చుని ఉంది. పడవకి ఇంజను లేదు. అది వరసలో, క్రషర్ పక్కన, దండ వేసుకుని కూర్చుంది.

రావు ఇసుకలో కూలబడ్డాడు.

"ఎందుకమ్మా?"

"ఆరేళ్ళు రిపోర్టులు పంపాను సార్. ఒక్కదానికి జవాబొచ్చిందా? 'పరిశీలనలో ఉంది.' వాళ్ళు మొదటి రోజే జవాబిచ్చారు."

"అభిలాష్?"

సంజన సముద్రం వైపు తిరిగింది. స్కార్ఫు విప్పి చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "చెట్టు దగ్గరికి వచ్చాడు," అంది.

రావు లేచి ఆవిడ మణికట్టు మళ్ళీ పట్టుకున్నాడు. ఆ జవాబు కూడా తనే పరిశీలించాలి, చాలా ఏళ్ళు.

పొద్దు మూకింది. హన్మాండ్లు తడిబట్టలతోనే ప్లాంట్ స్టార్ట్ చేశాడు. పంపు దగ్గింది, గురకపెట్టింది, పట్టుకుంది. మొదటి గ్లాసు నింపి అతను తాగుతుంటే యాభై మంది అతని గొంతునే చూశారు. ఇంకో గుటక వేశాడు.

"ఉప్పు లేదు," అన్నాడు. "నూనె గూడ లేదు."

క్యాన్లు నిండటం మొదలయ్యాయి. అందరివీ అయ్యాక రెండు క్యాన్లు విడిగా పెట్టి, బఖాలా గదిలో తాళం వేసి ఉంచిన సంజనకి పంపాడు. అజ్మల్ కస్సుమన్నాడు. "ఉస్‌కో భీ పానీ? ఆద్మీ కో మారా ఉస్‌నే!"

"బుధవారం లాంచీ ఎక్కేదాక ఆమె గూడ దీవిల మనిషే గద," అన్నాడు హన్మాండ్లు, చేతులు తుడుచుకుంటూ. పొద్దున్నుంచి తను సరిగ్గా నీళ్ళు తాగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టు ఇంకో గ్లాసు పట్టుకున్నాడు.

రావు మిక్సీ దండ తీసి, కళ్ళకద్దుకుని, మూడో స్పీడులో రెండుసార్లు తిప్పాడు. గరగరల్లోంచి ఉమాదేవి గొంతు వచ్చింది.

"కె-9! పొద్దున్నుంచి ఎక్కడ చచ్చారు? ఓడ కెప్టెన్ కోస్ట్ గార్డుకి ఫోన్ చేసి తిడుతున్నాడు!"

రావు జరిగిందంతా చెప్పాడు.

"అంటే రేడియో వాడలేదు, గన్ వాడలేదు, ఒక్క పరికరమూ ముట్టుకోలేదు. ఈ ఆపరేషన్ ఎలా సక్సెస్ అయిందని రిపోర్టులో రాయను?"

రావు ఒకసారి క్యాన్ల వరస వైపు చూశాడు.

"దసరా కదా మేడమ్. మిషన్లన్నిటికీ సెలవు. ఇవాళ్టికి మనుషులే పనిచేశారని రాయండి."